గుర్రం తిరగనంటే చెయ్యి కాదు, కూర్చున్న తీరు చూసుకోవాలి

విజయనగరం, శ్రీకాకుళం వైపు కొత్తగా గుర్రం ఎక్కేవాళ్ళు తెలియకుండానే రెండు అలవాట్లు వెంట తెచ్చుకుంటారు. ఒకటి నాటుబండి అలవాటు. ఎడమ పగ్గం లాగితే ఎడ్లు ఎడమకి మళ్ళుతాయి కాబట్టి గుర్రమూ అంతే అనుకుంటారు. రెండోది మోటారుసైకిల్ అలవాటు. మలుపు రాగానే ఒళ్ళు లోపలికి వాల్చేస్తారు. కింద రాసిన సమస్యల్లో చాలావాటి మూలం వెతికితే ఈ రెండింట్లో ఒకటి బయటపడుతుంది.

బరువుకి గుర్రం ఎలా కదులుతుందో తెలియాలంటే, విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజు మూడు లాంతర్ల కూడలి దగ్గర పిల్లాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని నిలబడ్డ తండ్రిని చూడండి. పిల్లాడు సిరిమాను కోసం ఎడమకి ఒరిగాడంటే తండ్రి కాలు దానంతట అదే ఎడమకి పడుతుంది. పడకపోతే ఇద్దరూ తూలుతారు. గుర్రం చేసేదీ ఇదే. మీ బరువు ఏ పక్కకి దిగితే ఆ పక్కకి అడుగేసి దాని కిందకి వచ్చి నిలదొక్కుకుంటుంది. ఈగ వాలితే సరిగ్గా ఆ చోట మాత్రమే చర్మం అదిలించుకునే జంతువది. కాబట్టి బరువు ఎక్కువ మార్చనక్కర్లేదు. తిరిగే వైపు జేబులో కిలో పెసలు పోసుకున్నంత తేడా చాలు.

గట్టి బల్ల మీద కూర్చుని, అరచేతులు పైకి తిప్పి పిర్రల కింద పెట్టుకోండి. రెండు ఎముకల మొనలు తగులుతాయి. గుర్రానికి మీ మాట అందేది ఆ రెండు మొనల నుంచే. ఇక్కడ 'లోపల' అంటే తిరిగే వైపు, 'బయట' అంటే దానికి ఎదురు వైపు. ఎడమకి తిరుగుతుంటే ఎడమ లోపల, కుడి బయట.

ఎక్కకముందు చూసుకోవలసినవి

జీను వంకరగా ఉంటే కూర్చోవడం ఎంత బాగున్నా మలుపు సరిగా రాదు. ముందు రికాబు (పాదం పెట్టుకునే ఇనుప చట్రం) తోళ్ళు రెండూ విప్పి ఒకే మేకుకి పక్కపక్కన వేలాడదీయండి. మనం ఎప్పుడూ ఎడమ పక్క నుంచే ఎక్కుతాం కాబట్టి ఎడమ తోలు సాగిపోతుంది. బకిల్ రంధ్రాలు రెండు పక్కలా ఒకే లెక్కలో ఉన్నా పొడవు తేడా వస్తుంది. ఒక వేలెడు తేడా ఉన్నా మీ నడుము ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. వారానికోసారి తోళ్ళు అటువి ఇటు మార్చండి. వీలైనప్పుడల్లా అరుగు మీద నుంచో పిట్టగోడ మీద నుంచో ఎక్కండి. దానివల్ల తోలు సాగదు, గుర్రం మూపు కూడా లాగినట్టు అవదు.

జీను కింద గోనెసంచి మడిచి వేసే అలవాటు ఇక్కడ ఉంది. జనపనార ఊరు కదా, గోనెకి కొదవ లేదు. కానీ మడత అంచు ఒక పక్కే పడితే జీను ఆ పక్క లేచి ఉంటుంది, అక్కడే పుండూ పడుతుంది. వేయక తప్పకపోతే మడత లేకుండా పరిచి, వెన్ను మీద మధ్య భాగాన్ని కాస్త పైకి లాగి గాలి ఆడేలా వదలండి. పావుగంట నడిపించి జీను తీసి చెమట మరక చూడండి. రెండు పక్కలా ఒకేలా తడిసి ఉండాలి. తడి మధ్యలో పొడి మచ్చ కనిపిస్తే అక్కడ ఒత్తిడి ఎక్కువగా ఉందని. గంట ఆగి చూస్తే మన సముద్రపు ఉక్కకి ఒళ్ళంతా తడిసిపోయి ఏమీ తెలియదు.

పొట్ట పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి, మూడోది దూరకూడదు. కొన్ని గుర్రాలు కట్టేటప్పుడు పొట్ట ఉబ్బించి నిలబడతాయి. అయిదు నిమిషాలు నడిపించాక మళ్ళీ బిగించండి.

బరువు లెక్క కూడా చూసుకోవాలి. మనిషి, జీను కలిపి గుర్రం బరువులో అయిదో వంతు దాటకూడదు. 220 కిలోల తట్టుగుర్రం మీద 75 కిలోల మనిషి ఎక్కితే అది మలుపులో తూలక ఏం చేస్తుంది? దానికి పరిష్కారం దిగడమే.

సమస్య: తల తిరుగుతుంది, ఒళ్ళు తిరగదు

ఎడమ పగ్గం లాగుతారు. మెడ విల్లులా వంగి ముక్కు మీ మోకాలి దాకా వస్తుంది. కాళ్ళు మాత్రం తిన్నగానో, కుడికో పోతుంటాయి.

కారణం: గుర్రానికి బాగా వంగేది మెడ. వెన్ను వంగేది చాలా తక్కువ. ముక్కు ఎటు ఉన్నా గుర్రం నడిచేది భుజాలు చూసే వైపుకే. పైగా లోపలి పగ్గం లాగే తొందరలో బయటి పగ్గం వదిలేస్తారు. అది వరిమడి గట్టుకి గండి పడ్డట్టే. బరువంతా బయటి భుజం గుండా జారిపోతుంది.

సరిచేసే తీరు: నడకలో మొదలుపెట్టండి. బయటి పగ్గం గుర్రం నోటిని తాకీ తాకనట్టు నిలిచి ఉండాలి. లాగకూడదు, వదలకూడదు. లోపలి చేతిని వెనక్కి కాకుండా రెండు వేళ్ళ మందం పక్కకి తెరవండి. లోపలి వైపు గుర్రం కంటి కొస మాత్రమే కనిపించాలి. కన్ను మొత్తం కనబడిందంటే మెడ ఎక్కువ వంచేశారు. బయటి కాలిని పొట్ట పట్టీ నుంచి బెత్తెడు వెనక్కి జరిపి ఆనించండి. తొడ కూడా ఆనాలి, ఎందుకంటే భుజాన్ని లోపలికి తెచ్చేది ఆ తొడే. అప్పటికీ బయటికే తోసుకుపోతుంటే లోపలి పగ్గం పూర్తిగా వదిలి, బయటి పగ్గంతో, బయటి కాలితో మాత్రమే తిప్పి చూడండి. మొదట ఎబ్బెట్టుగా అనిపిస్తుంది. నాలుగైదు మలుపులయ్యేసరికి భుజాలు తిరగడం తెలుస్తుంది.

సమస్య: ఎడమకి వాలినా గుర్రం కుడికి జరుగుతుంది

అందరూ తడబడేది ఇక్కడే. రౌతు 'నేను ఎడమకే బరువు వేశాను' అంటాడు. గుర్రం మాత్రం కుడికి అడుగేస్తుంది. నిజం గుర్రానిదే.

కారణం: భుజం ఎడమకి వంచినప్పుడు చాలామందికి నడుము ఎడమ పక్క మడత పడుతుంది. మడత పడగానే తుంటి కుడికి జరుగుతుంది. తల, భుజాలు ఎడమకి వెళ్తే పడిపోకుండా ఒళ్ళు ఆపుకోవాలి కదా, అందుకు. దాంతో బరువు కుడి పిర్ర ఎముక మీద పడుతుంది. మోటారుసైకిల్ మీద ఈ వంపు చెల్లుతుంది, ఎందుకంటే మీతో పాటు బండీ వాలుతుంది. గుర్రం అలా వాలదు. నాలుగు కాళ్ళ మీద నిలిచి మీ బరువు ఎటు పడిందో చూస్తుంది.

ఇది మీకు మీరుగా పట్టుకోవడం కష్టం. ఎవరినైనా గుర్రం వెనక నాలుగైదు మీటర్ల దూరంలో నిలబెట్టి ఫోన్‌లో వీడియో తీయించండి. చూడవలసినవి ఇవి. చొక్కా ముడతలు ఏ పక్క ఉన్నాయి? ముడతలున్న పక్కే నడుము విరిగింది. బెల్టు తిన్నగా ఉందా, ఒక పక్క కిందికి దిగిందా? జీను వెనక అంచు మధ్య కుట్టు తోక మొదలుకి ఎదురుగా ఉందా, బయటికి జరిగిందా? ఏ అరికాలు రికాబు మీద గట్టిగా ఆనుతోంది? ఎడమ మలుపులో ముడతలు ఎడమ పక్క, కుట్టు కుడికి, బరువు కుడి రికాబు మీద ఉంటే జబ్బు ఇదే.

సరిచేసే తీరు: వాలాలన్న ఆలోచనే మానేయండి. దానికి బదులు లోపలి పక్క పొడుగు పెంచాలి. లోపలి చంక నుంచి తుంటి దాకా ఉన్న నిడివిని సాగదీసినట్టు కూర్చుని, లోపలి మోకాలు నేల వైపు బరువుగా దిగనివ్వండి. లోపలి మడమ కిందికి వెళ్తుంది. పిర్ర ఎముక దానంతట అదే జీనులోకి దిగుతుంది. బొడ్డు తిరిగే వైపు చూడాలి. చొక్కా గుండీల వరస గుర్రం రెండు చెవుల మధ్యకి ఎదురుగా నిలవాలి. చూపు మాత్రం వృత్తంలో పావు వంతు ముందుకి ఉండాలి.

దీనికో కసరత్తు. నడకలో 20 మీటర్ల వృత్తం మీద వెళ్తూ, పగ్గాలు బయటి చేతిలోకి తీసుకుని లోపలి చేతిని తిన్నగా పైకెత్తండి. ఎత్తగానే లోపలి పక్క సాగి నడుము మడత విప్పుకుంటుంది. ఒక చుట్టు చేయి పైన, ఒక చుట్టు కింద, అలా ఆరు చుట్లు. పక్కన గుర్రం తాడు పట్టుకునే మనిషి ఉంటే రికాబులు వదిలేసి చేయడం ఇంకా మంచిది. చేయి దించిన మరుక్షణం మడత తిరిగి వస్తుంటే బల్ల మీద కూర్చుని మళ్ళీ మొదలుపెట్టాలి. అరచేతుల కింద ఏ ఎముక బరువెక్కుతోందో చూసుకుంటూ, వంగినప్పుడు ఒకటి, సాగినప్పుడు ఒకటి తెలిసేదాకా చేయండి. ఒంటికి ఆ తేడా తెలియకుండా గుర్రం మీద దిద్దుకోవడం అయ్యే పని కాదు.

వృత్తం కొలిచే పద్ధతి

20 మీటర్ల వృత్తమని నోటితో అనేసి కోడిగుడ్డు ఆకారంలో తిరిగేవాళ్ళే ఎక్కువ. కోతలైపోయిన మడి గాని, ఎండిన చెరువు గర్భం గాని చూసుకుని మధ్యలో గుంజ పాతండి. 10 మీటర్ల తాడు కట్టి చుట్టూ ముగ్గుపిండితో గీయండి. నాలుగు దిక్కులా నాలుగు ఇటుకలు పెట్టండి. చుట్టు మొత్తం 63 మీటర్ల లోపు, ఇటుకకీ ఇటుకకీ మధ్య గీత మీద దాదాపు 16 మీటర్లు. కొయ్యకాళ్ళు మిగిలిన చోట వద్దు, డెక్క మెత్తని భాగంలో గుచ్చుకుంటాయి.

నడకలో ప్రతి పావుకీ ఎన్ని అడుగులు పడ్డాయో లెక్కపెట్టండి. ముందు ఎడమ కాలు పడ్డప్పుడల్లా ఒకటి. నాలుగు పావులూ సమానంగా రావాలి. ఒక పావులో లెక్క తగ్గిందంటే అక్కడ గుర్రం లోపలికి కోసుకుపోయింది. పెరిగిందంటే బయటికి జారింది. సమస్య ఎక్కడ మొదలవుతోందో ఈ లెక్కే చెబుతుంది. 'ఎక్కడో తప్పుతోంది' అనుకుంటూ చుట్లు తిరగడం గుర్రాన్ని అలసగొట్టడమే.

ఇల్లో, కట్టేసే పాకో ఉన్న వైపు పావులో లెక్క పెరుగుతుంటే అది కూర్చున్న తీరు తప్పు కాదు. గుర్రం ఇంటి మీద మనసు పెట్టుకుంది. ఆ పావు రావడానికి రెండు అడుగుల ముందే బయటి కాలు ఆనించి పెట్టుకోండి. దిగడం మాత్రం ఎప్పుడూ ఇంటికి దూరంగా ఉన్న ఇటుక దగ్గరే.

సమస్య: వృత్తం చుట్ట చుట్టుకుపోతుంది

గుర్రం లోపలి భుజం మీద పడిపోతూ చుట్టుచుట్టుకీ చిన్నదైపోతుంటే రౌతు కిందికి, లోపలి భుజం వైపు చూస్తున్నాడని అర్థం. మనిషి తల 4, 5 కిలోలు ఉంటుంది. అది ముందుకి, లోపలికి వాలితే గుర్రం ఆ బరువు వెంటే వస్తుంది. రెండో కారణం, లోపలి కాలు పైకి ముడుచుకుని ఖాళీగా ఉండడం.

చూపు ఎత్తండి. లోపలి పిక్కని పొట్ట పట్టీ దగ్గరే ఉంచి నొక్కండి, కానీ ఎప్పుడు నొక్కాలో తెలియాలి. నడకలో గుర్రం డొక్క అటూ ఇటూ ఊగుతుంది. లోపలి వెనక కాలు నేల విడిచి ముందుకి వస్తున్నప్పుడు డొక్క బయటికి ఊగుతుంది, మీ లోపలి పిక్క దానంతట అదే లోపలికి పడుతుంది. నొక్కు ఆ క్షణంలో ఇవ్వాలి, ఆ కాలు ఎక్కడ పడాలో అప్పుడే మార్చగలరు. నేల మీద ఆనిన కాలిని జరపడం ఎవరి వల్లా కాదు. ఎడతెగకుండా నొక్కి పెడితే గుర్రం రెండు రోజుల్లో ఆ కాలిని లెక్కచేయడం మానేస్తుంది.

సమస్య: తిప్పబోతే ఆగిపోతుంది

'రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది' అన్న సామెత పట్టుకుని మోకాళ్ళు బిగించి, ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళున్నారు. మోకాలు బిగిస్తే పిర్ర ఎముకలు జీను మీద నుంచి లేచిపోతాయి. బరువు మాట గుర్రానికి అందదు, ఆగమన్న మాటే అందుతుంది. మలుపుకి రెండు అడుగుల ముందు ఊపిరి వదలండి, బయటి పగ్గం మీద ఒక్క క్షణం పిడికిలి బిగించి సడలించండి, ఆ తర్వాతే బరువు. ఊపిరి వదలడానికి గుర్తులేకపోతే నోటితో అంకెలు లెక్కపెట్టండి.

సమస్య: నడకలో బాగుంది, ట్రాట్‌లో చెదిరిపోతుంది

ట్రాట్‌లో (నడక కంటే వేగమైన చిన్న పరుగు) కర్ణంగా ఉన్న కాళ్ళు, అంటే ముందు ఎడమ, వెనక కుడి ఒక జతగా, ముందు కుడి, వెనక ఎడమ ఇంకో జతగా కదులుతాయి. లేస్తూ కూర్చుంటూ వెళ్ళేటప్పుడు, గుర్రం బయటి భుజం ముందుకెళ్తున్నప్పుడు లేవాలి, అది వెనక్కి వస్తున్నప్పుడు కూర్చోవాలి. అలా అయితే లోపలి వెనక కాలు నేల మీద ఉండి మోస్తున్నప్పుడు మీరు జీనులో ఉంటారు, అది గాల్లో ఉన్నప్పుడు దాని మీద మీ బరువు ఉండదు. జత తప్పితే ఆ కాలు ముందుకి రావలసిన క్షణంలో మీరు కూలబడుతుంటారు, మలుపు గరుకుగా అవుతుంది. తప్పిందని తెలియగానే ఒక లెక్క అదనంగా కూర్చుని లేవండి, జత మారిపోతుంది. వృత్తం దిశ మార్చిన ప్రతిసారీ ఇలా మార్చాలి.

సమస్య: పెళ్ళి గుర్రానికి ఏ సంజ్ఞా తెలియదు

ఊరేగింపుల్లో తిరిగిన గుర్రాన్ని కొన్నవాళ్ళ ఫిర్యాదు ఇది. డప్పులకి, టపాసులకి అది బెదరదు. కానీ పైన కూర్చున్న పెళ్ళికొడుకు దానికి ఎప్పుడూ బరువే తప్ప రౌతు కాదు. దాన్ని తిప్పింది ఎడమ పక్కన కళ్ళెం పట్టుకుని నడిచిన మనిషి. అందుకే కాలు తగిలిస్తే ముందుకి ఉరుకుతుంది, లేదా ఏమీ చేయకుండా నిలబడుతుంది. మొండితనం కాదది, ఎవరూ నేర్పలేదంతే.

నేల మీద నుంచి నేర్పాలి. ఎడమ పక్క నిలబడి, మీ పిక్క తగిలే చోట రెండు వేళ్ళతో నొక్కండి. వెనక కాలు అవతలికి ఒక్క అడుగు వేయగానే వేళ్ళు తీసేయండి. తీయడమే దానికి బహుమతి. కుడి పక్కనా అంతే. ఆ పక్క మనిషి ఉండడం అలవాటు లేక కంగారు పడుతుంది, ఓపిక పట్టాలి. రోజుకి పది నిమిషాల చొప్పున వారం, పదిరోజులు. తర్వాత మీరు ఎక్కి, అలవాటైన మనిషిని ఎడమ పక్క నడిపించండి. ముందు మీరు పిర్ర ఎముక దింపాలి, తర్వాత కాలు ఆనించాలి, ఆ తర్వాతే అతను కళ్ళెం తిప్పాలి. ఈ వరస మారకూడదు. కొన్నాళ్ళకి అతని చెయ్యి కదలకముందే గుర్రం కదలడం మొదలుపెడుతుంది.

ఇలాంటి గుర్రాల నోట్లో ముళ్ళ కళ్ళెం ఉందేమో చూడండి. ముళ్ళున్న కళ్ళెం వాడడాన్ని 1965 నాటి కేంద్ర నిబంధనలు నిషేధించాయి. ముందు దాన్ని తీసి నున్నని కళ్ళెం వేయండి. నోటి మూలల్లో పుండ్లుంటే మానేదాకా కళ్ళెమే వద్దు.

సమస్య: సముద్రం ఒడ్డున వృత్తం కుదరదు

కళింగపట్నం, బారువ, చింతపల్లి, ఏ ఒడ్డు అయినా నేల సముద్రం వైపు వాలి ఉంటుంది. దిగువ పావులో గుర్రం నీటి వైపుకి జారుతుంది, ఎగువ పావులో కోసుకుపోతుంది. అక్కడ దిద్దుబాట్లు పెట్టుకోకండి, తిన్నని నడక, పెద్ద వంపులు చాలు. డెక్క అంగుళం కంటే లోతు దిగని తడి ఇసుక మీదే వెళ్ళండి. పొడి ఇసుకలో మలుపులు తిప్పితే కాలి నరాలు లాగేస్తాయి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా తాబేళ్ళు గుడ్లు పెట్టే ఒడ్లివి. అల తాకే గీత దాటి పైకి గుర్రాన్ని తీసుకెళ్ళొద్దు.

సమస్య: ఒక పక్కకి తిరుగుతుంది, రెండో పక్కకి మొరాయిస్తుంది

మనకి కుడి చేతివాటం ఉన్నట్టే చాలా గుర్రాలకి ఒక పక్క సులువు. రోజూ సులువైన పక్క మూడు నిమిషాలు, కష్టమైన పక్క మూడు, మళ్ళీ సులువైనది మూడు. కష్టమైన పక్కే అరగంట తిప్పితే బాగుపడేది కాస్తా నొప్పిగా మారుతుంది. వృత్తాల పని మొత్తం రోజుకి 20 నిమిషాలు దాటనివ్వకండి. ఎండాకాలమైతే ఉదయం 7 లోపే ముగించాలి.

నిన్నటిదాకా తిరిగిన పక్కకే ఉన్నట్టుండి తిరగకపోతే అది శిక్షణ సమస్య కాదు. తోక విసరడం, చెవులు వెనక్కి వాల్చడం, పొట్ట పట్టీ బిగిస్తుంటే కొరకబోవడం, మలుపులో తల పైకీ కిందికీ ఊపడం కనిపిస్తే జీను తీసేయండి. తాడు పట్టుకుని గట్టి నేలపై ట్రాట్‌లో తిప్పి చూడండి. ముందు కాలు కుంటుతుంటే నొప్పి కాలు నేల తాకగానే తల పైకి లేస్తుంది. వెన్నెముకకి రెండు పక్కలా మూపు నుంచి నడుము దాకా వేళ్ళతో నొక్కుతూ వెళ్తే నొప్పి చోట ఒళ్ళు కుంగదీసుకుంటుంది. నోట్లో దంతాల అంచులు పదునెక్కి బుగ్గ కోస్తున్నా ఒక పక్క పగ్గాన్ని ఒప్పుకోదు. వీటిలో ఏది కనబడినా పశువైద్యుడికి చూపించాలి. గరివిడిలో పశువైద్య కళాశాలే ఉంది.

డెక్కలు 6 నుంచి 8 వారాలకోసారి చెక్కించి లాడాలు మార్పించాలి. మన ఊళ్ళలో లాడాలు కొట్టేవాళ్ళలో ఎద్దులకి కొట్టేవాళ్ళే ఎక్కువ. ఎద్దు గిట్ట రెండు చీలికలు, చీలికకో రేకు. గుర్రం డెక్క ఒకటే, మేకు దిగాల్సిన గోడ మందం చాలా సన్నం. మేకు కాస్త లోపలికి దిగినా మర్నాడే ఆ పక్క మలుపు పోతుంది. గుర్రాలకి కొట్టడం తెలిసిన మనిషి దొరికేదాకా లాడం లేకుండా, అంచు మాత్రం అరగదీసి మెత్తని నేల మీద నడిపించుకోవచ్చు.